గుంటూరు చీటీ, పర్చూరు కౌంటరు

మా మెడికల్ షాపులో మందులన్నీ కంపెనీల వారీగా సర్ది ఉంటాయి, ఒక్క అర తప్ప. గల్లాపెట్టెకి కుడిపక్కన, చెయ్యి చాపితే అందే ఎత్తులో ఉన్న ఆ అరలో గార్డినాల్, ఎప్టాయిన్, టెగ్రిటాల్, వాల్పారిన్, లెవిపిల్, ఫ్రిజియం అన్నీ ఉంటాయి. ఏ కంపెనీవైనా సరే, ఫిట్స్ మందులు ఒకే చోట ఉండాలని మా నాన్న పెట్టిన ఏర్పాటు అది. జ్వరం బిళ్ళ కోసం వచ్చినవాడు కాసేపు ఆగినా ఫర్వాలేదు గానీ ఫిట్స్ మందు కోసం వచ్చినవాణ్ణి నిలబెట్టకూడదని ఆయన పట్టుదల. ఆ అర పక్కన దారంతో కట్టిన ఒక లావాటి నోటుబుక్కు వేలాడుతుంటుంది. ఏ బిడ్డకి ఏ మందు, పూటకెంత, మళ్ళీ ఎప్పుడు రావాలి అన్నది అందులో రాసుకుంటాం. అందులో పెద్దవాళ్ళ పేర్ల కన్నా పిల్లల పేర్లే ఎక్కువ.

ఆ పేర్ల వెనక ఉన్న డాక్టరు చీటీలు దాదాపు అన్నీ గుంటూరువి. కొన్ని విజయవాడవి, కాస్త చేతిలో డబ్బు ఆడేవాళ్ళవైతే హైదరాబాదువి. 1970 దాకా మాది గుంటూరు జిల్లా. తర్వాత ప్రకాశం జిల్లాలో కలిపారు. 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా అయ్యాం. బోర్డులు మార్చి రాయించుకున్నాం గానీ, పిల్లలకి నరాల జబ్బంటే ఎక్కాల్సిన బస్సు మాత్రం మారలేదు. చిలకలూరిపేట మీదుగా గుంటూరు.

మా షాపుకి వచ్చే ఒక రైతు సంగతి చెబుతాను. ఆయన కొడుక్కి ఆరేళ్ళు, రెండేళ్ళ వయసు నుంచి ఫిట్స్. ఆయన మిరపకాయ గుంటూరు యార్డుకి తోలిన రోజే పిల్లవాణ్ణి డాక్టరుకి చూపిస్తాడు. రాత్రి టిక్కీలతో, అంటే మిరప బస్తాలతో పాటు లారీలో ఆయన వెళ్తే, తెల్లారి తల్లీ బిడ్డా బస్సులో వెళ్ళి యార్డు దగ్గర కలుసుకుంటారు. వేలం అయ్యాక ఓపీకి పోతారు. ఒకే ఖర్చులో రెండు పనులు, పైగా ఆ రోజు చేతిలో డబ్బుంటుంది. బాగానే ఉంది. కానీ ధర పడిపోయిన ఏడు కాయని కోల్డ్ స్టోరేజీలో పెట్టేస్తాడు, అప్పుడు డాక్టరు దగ్గరికి పోవడం కూడా కోల్డ్ స్టోరేజీలోకే. "రేటు రానీ బాబాయ్, ఇద్దరినీ ఒకేసారి దించుతా" అన్నాడు ఒకసారి, కాయనీ కొడుకునీ కలిపి. పిల్లవాడి బరువు పెరుగుతుంటుంది, మందు మాత్రం రెండేళ్ళ నాటి బరువుకి రాసిందే నడుస్తుంటుంది. సరిపోని మోతాదు మీద మళ్ళీ ఫిట్స్ వస్తాయి. "మందు పనిచెయ్యట్లా" అంటారు. పనిచెయ్యంది మందు కాదని నేను ఎన్నిసార్లు చెప్పినా, మందుల షాపువాడి మాటకి ఉండే విలువ ఎంతో మీకు తెలుసు కదా.

పేద దేశాల్లో పిల్లల నరాల వైద్యం అందరికీ అందాలంటే ఏం చెయ్యాలి అని ప్రపంచమంతా మాట్లాడుకుంటోంది. ఆ మాటలు నేనూ చదువుతుంటాను. వాటిలో మొదట వినిపించేది డాక్టర్ల కొరత. అబద్ధం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో వేసిన లెక్క ప్రకారం, పెద్దల నరాల వైద్యులు, పిల్లల నరాల వైద్యులు, మెదడు ఆపరేషన్ల సర్జన్లు ముగ్గురినీ కలిపి చూసినా, ధనిక దేశాల్లో లక్షమందికి ఏడుగురు ఉంటే, బాగా పేద దేశాల్లో పది లక్షలమందికి ఒకరున్నారు. మన దేశం వాటికన్నా మెరుగే. కానీ మన దగ్గర కూడా పిల్లల నరాల డాక్టరు తయారు కావాలంటే ఎంబీబీఎస్, ఆపైన పిల్లల వైద్యంలో ఎండీ మూడేళ్ళు, ఆపైన డీఎం మరో మూడేళ్ళు. అంత చదివినవాళ్ళు మహానగరాల్లో కాక ఎక్కడుంటారు? పర్చూరులో బోర్డు కట్టమని నేనైనా అడగలేను. ఈఈజీ తీసే మనిషి లేడు, స్కానింగు లేదు, ఆయన వచ్చి ఏం చేస్తాడు?

అందుకే కౌంటరు ఇవతల నిలబడి ఇన్నేళ్ళు చూశాక నాకు అనిపించేది వేరు. పెద్ద డాక్టరు ఊళ్ళో లేకపోవడం కన్నా, ఆయన రాసిన చీటీ ఊళ్ళో నడవకపోవడం పెద్ద ఇబ్బంది. ఆయన బిడ్డని ఏడాదికి రెండుసార్లు చూస్తే చాలు. మిగతా రోజులన్నీ జబ్బు ఉండేది ఇక్కడే.

చీటీ కన్నా ముందు ఇంకో మెట్టుంది. బిడ్డకి ఏదో తేడాగా ఉందని ఇంట్లో ఎవరో ఒకరు గుర్తుపట్టాలి. ఈ విషయంలో మన ముసలమ్మలకి ఒక పద్ధతుంది, దాన్ని మనమే సరిగా వాడుకోవడం లేదు. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు, పలుకులు వస్తే చిలకలు. మా వైపు ఇప్పటికీ వీధిలో పంచుతారు. పిల్లల డాక్టర్ల గదిలో గోడకి అతికించి ఉండే ఎదుగుదల పట్టీలో ఉండేవీ ఇవే. రెండు నెలలకి అమ్మ మొహం చూసి నవ్వాలి. నాలుగు నెలలకి మెడ నిలవాలి. ఆరు నెలలకి అటూ ఇటూగా బోర్లా పడాలి. తొమ్మిది నెలలకి ఆసరా లేకుండా కూర్చోవాలి. ఏడాది దాటేసరికి అత్తా, తాతా అనే మాటలు రావాలి. ఏడాదిన్నరకి నడవాలి. నాలుగు రోజులు ముందో వెనకో కావచ్చు, ఒక్కో గడువూ దాటిపోతూ ఉంటే మాత్రం చూపించాలి.

అయితే మన పద్ధతిలో ఒక లోటుంది. బొబ్బట్లు వచ్చిన ఇల్లు అందరికీ గుర్తుంటుంది, రాని ఇల్లు ఎవరికీ గుర్తుండదు. ఎనిమిదో నెల వచ్చినా ఆ ఇంటి నుంచి బొబ్బట్లు ఎందుకు రాలేదని అడిగితే బాగుండదని ఊరుకుంటాం. ఇంట్లోవాళ్ళు "వాళ్ళ నాన్నకీ ఆలస్యంగానే నడకొచ్చింది" అని సర్దుకుంటారు. నాకు తెలిసిన ఒక అంగన్‌వాడీ టీచరమ్మ దీన్ని తిరగేసింది. కేంద్రానికి వచ్చే బాలింతలతో కబుర్లలో "మీ ఇంటి బొబ్బట్లు ఇంకా తినలేదే" అంటుంది. ఆ ఒక్క మాట మీద తల్లి మనసులో ఉన్న భయం బయటికొస్తుందట. పట్టీలో అడిగే ప్రశ్న అడిగితే "అంతా బాగానే ఉంది మేడం" అనేవాళ్ళే, ఇలా అడిగితే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారట.

ఇదేదో అరుదైన బాధ అనుకోకండి. దేశంలో అయిదు చోట్ల, మన హైదరాబాదుతో సహా, రెండు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లల్ని పరీక్షించి 2018లో ఒక పెద్ద అధ్యయనం వెలువరించారు. చూపు, వినికిడి, ఫిట్స్, ఆటిజం, చదువులో ఇబ్బంది, కాళ్ళూ చేతులూ బిగుసుకుపోవడం, అన్నీ కలిపితే దాదాపు ఎనిమిదిమంది పిల్లల్లో ఒకరికి ఏదో ఒక ఎదుగుదల లోపం ఉందని తేలింది.

గుర్తుపట్టడంలో రోజులే లెక్కలోకి వచ్చే జబ్బు ఒకటుంది. దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది నా కౌంటరు దగ్గరే నాకు కోపం తెప్పించే జబ్బు. అయిదారు నెలల బిడ్డ నిద్ర లేవగానే ఒక్కసారి ముందుకి ముడుచుకుపోతుంది. చేతులు రెండూ పైకి లేస్తాయి, తల కిందికి వాలుతుంది. సలాము చేసినట్టుంటుంది. ఒక్క క్షణం, అంతే. మళ్ళీ కొన్ని సెకన్లకి ఇంకోటి, మళ్ళీ ఇంకోటి, వరసగా. మధ్యలో ఏడుస్తుంది. ఇంట్లో "ఉలిక్కిపడుతున్నాడు", "కడుపులో నొప్పి", "దిష్టి" అంటారు. గ్రైప్ వాటర్ కొనుక్కుపోతారు. ఇది ఫిట్స్ అని ఎవరికీ అనిపించదు, ఎందుకంటే ఫిట్స్ అంటే నురగలు కక్కి గిలగిల కొట్టుకోవడమే అని మన లెక్క.

1841లో ఇంగ్లండులో విలియం జేమ్స్ వెస్ట్ అనే డాక్టరు తన కన్నకొడుకులోనే ఈ కదలికలు చూసి, ఏం చెయ్యాలో తెలియక, లాన్సెట్ పత్రికకి ఉత్తరం రాశాడు. తోటి వైద్యుల్లో ఎవరికైనా దారి తెలిస్తే చెప్పమని అడిగాడు. అందుకే దాన్ని వెస్ట్ సిండ్రోమ్ అంటారు. ఆ రోజుల్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఇప్పుడుంది. ఏసీటీహెచ్ ఇంజెక్షన్లు, విగాబాట్రిన్, లేదంటే ఎక్కువ మోతాదులో ప్రెడ్నిసొలోన్. మొదలైన కొద్ది వారాల్లో వైద్యం పడితే బిడ్డ మెదడు ఎదుగుదలని కాపాడుకునే అవకాశం ఎక్కువ. నెలలు గడిచేకొద్దీ ఆ అవకాశం జారిపోతుంది.

నా కోపం దేనికంటే, ప్రెడ్నిసొలోన్ అంటే వైసోలోన్ బిళ్ళే. పర్చూరులో ఏ మందుల షాపుకి వెళ్ళినా దొరుకుతుంది. ఆయాసానికి, అలర్జీకి రోజూ అమ్ముతూనే ఉంటాం. చవక. ఖరీదైన ఇంజెక్షన్లకి దీటుగా ఈ బిళ్ళ పనిచేస్తుందా అని పరీక్షించి చూసిన చోట్లలో పక్కనున్న శ్రీలంక కూడా ఒకటి. కొలంబో డాక్టర్లు 2015లో వెలువరించిన ఫలితాల్లో బిళ్ళే ముందు నిలిచింది. అంటే మందు నా అరలో ఉంది, బిడ్డ రెండు వీధుల అవతల ఉంది, మధ్యలో లేనిదల్లా "ఇది ఉలికిపాటు కాదు" అని చెప్పే ఒక్క నోరు. ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెయ్యాలి. ఇది చదివి ఎవరూ ఆ బిళ్ళ కొనుక్కోవద్దు, అడిగినా నేనివ్వను. అంత మోతాదులో స్టెరాయిడ్ పసిబిడ్డకి బీపీ పెంచుతుంది, ఇన్‌ఫెక్షన్లు తెస్తుంది. ఈఈజీ తీయించి, డాక్టరు కనిపెట్టుకుని ఉండగా వాడాల్సిన వైద్యం.

ఈ జబ్బు విషయంలో తల్లి చేతిలో ఉన్న ఫోను చాలా పని చేస్తుంది. డాక్టరు ముందు బిడ్డ ఆ సలాము చెయ్యదు కదా. అందుకని షాపులో ఎవరైనా "ఉలికిపాటుకి మందివ్వండి" అంటే, గ్రైప్ వాటర్ ఇచ్చే ముందు వీడియో తీయమంటాను. వెలుగులో, బట్టలు వదులు చేసి, మొహమూ చేతులూ కాళ్ళూ కనిపించేట్టు. ఆ వీడియో చీరాలలోని పిల్లల డాక్టరుకి చూపించమంటాను, ఆయన చాలు. అనుమానం వస్తే పైకి ఎవరికి పంపాలో ఆయనకి తెలుసు.

మామూలు ఫిట్స్ దగ్గరికొస్తే, మన ఇళ్ళలో మొదట జరిగేది తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టడం. దానివల్ల మేలూ లేదు, కీడూ లేదు, ఆ కాస్త సమయం పోవడం తప్ప. ఆ తర్వాత పళ్ళ మధ్య చెంచా కుక్కడం, నోట్లో నీళ్ళు పొయ్యడం, ఉల్లిపాయ వాసన చూపించడం, వెనకటి రోజుల్లో చుట్టతో వాత పెట్టడం. వాత మచ్చలున్న పెద్దవాళ్ళని ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఇంకా చూస్తుంటాం. నిజంగా చెయ్యాల్సింది చాలా తక్కువ. బిడ్డని పక్కకి ఒత్తిగిల పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గడియారం చూసుకోవాలి. చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి. అయిదు నిమిషాలు దాటితే మాత్రం 108కి ఫోన్ చెయ్యాలి. అలా ఎక్కువసేపు వచ్చే పిల్లలకి ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే డాక్టర్లు రాస్తారు, ఇంట్లోనే వాడొచ్చు. అది హెచ్1 జాబితాలో ఉన్న మందు. చీటీ చూసి, డాక్టరు పేరూ రోగి పేరూ రిజిస్టరులో రాసుకుని ఇవ్వాలి. ఆ బాదరబందీ ఎందుకని అసలు తెప్పించని షాపులు చాలా ఉన్నాయి.

ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లలకి జ్వరం ఎక్కువైనప్పుడు వచ్చే ఫిట్స్ వేరు. నూరుమందిలో ఇద్దరి నుంచి అయిదుగురికి ఒకసారైనా వస్తాయి. చూసినవాళ్ళకి ప్రాణం పోయినంత పనవుతుంది గానీ, చాలామంది పిల్లలకి పెద్దయ్యాక ఏమీ ఉండదు, ఏళ్ళ తరబడి మందులూ అక్కర్లేదు. అలాగే మామూలు ఫిట్స్‌కి సరైన మందు సరిగ్గా వాడితే పదిమందిలో ఏడుగురికి అదుపులోకి వస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతుంది. అదే సంస్థ, బాగా పేద దేశాల్లో ఈ జబ్బున్న నలుగురిలో ముగ్గురికి కావలసిన వైద్యం అందడం లేదనీ చెబుతుంది. ఏడాదికి 5 డాలర్ల మందుతో అదుపులోకి వచ్చేదానికి! గార్డినాల్‌లో ఉండే ఫినోబార్బిటాల్ ఫిట్స్‌కి పనిచేస్తుందని జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ హౌప్ట్‌మన్ కనిపెట్టింది 1912లో. నూరేళ్ళు దాటింది. మగత, కొందరు పిల్లల్లో చిరాకు లాంటి ఇబ్బందులు దానికీ ఉన్నాయి, కొత్త మందులు కొన్ని విషయాల్లో మెరుగు. కానీ చవకదనానికి శిక్ష కూడా ఉంది. లాభం తక్కువ మందు మీద హోల్‌సేల్ నుంచి చిల్లర దాకా ఎవరికీ శ్రద్ధ ఉండదు. "నో స్టాక్" అనే మాట నేను ఎక్కువగా వినేది అతి చవక మందుల దగ్గరే.

ఫిట్స్ మందు ఒక్కసారిగా ఆపితే, అంతకుముందు లేనంత గట్టిగా, ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది. ఇది తెలిసి కూడా ఆగిపోతుంటుంది. మా వైపు పత్తి తీతలకీ మిరపకోతలకీ పక్క జిల్లాల నుంచి పిల్లాపాపలతో కూలీలు వస్తారు. పొలం గట్టున పట్టాలు కప్పుకుని రెండు మూడు నెలలుంటారు. వాళ్ళ ఊళ్ళో చూపించుకున్న చీటీ వాళ్ళ ఇంట్లోనే ఉంటుంది. ఖాళీ సీసా పట్టుకుని వస్తారు. లేబుల్ మీద మిరప ఘాటు పట్టిన చేతులతో తుడిచి తుడిచి అక్షరాలు పోయి ఉంటాయి. సీసా రంగు, మూత రంగు, వాసన చూసి మందేదో పోల్చుకున్నా, మోతాదు ఎంతో ఎవరు చెప్పాలి? చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఇవ్వకపోతే ఈ రాత్రికి బిడ్డకి మందు లేదు. ఇలాంటప్పుడు దగ్గర్లో ఉన్న డాక్టరు దగ్గరికి పంపిస్తాను. సగంమంది వెళ్తారు. కూలి పోతుందని మిగతా సగంమంది వెళ్ళరు.

ఇంక కొలత. డాక్టరు 5 ఎం.ఎల్. అని రాస్తే ఇంట్లో చెంచాతో పోస్తారు. మన వంటింటి చెంచాలు ఏ రెండూ ఒక్క కొలతవి కావు. పైగా సిరప్పుల్లో మందు చిక్కదనం ఒక్కోదానిలో ఒక్కో రకం. అయిదు ఎం.ఎల్.లో 200 మిల్లీగ్రాములున్న వాల్‌ప్రోయేట్ ఉంటుంది, ఒక్క ఎం.ఎల్.లోనే 100 ఉన్న లెవెటిరాసిటామ్ ఉంటుంది. ఒకటి మార్చి ఇంకోటి ఇచ్చి అదే కొలత పొయ్యమంటే బిడ్డ మగతలో పడిపోవచ్చు. అందుకని సూది తీసేసిన సిరంజి ఒకటి ఉచితంగా ఇస్తాం. అంకెలు చదవలేని తల్లులుంటారు కాబట్టి ఎంతవరకు లాగాలో అక్కడ సన్నటి ప్లాస్టరు ముక్క చుడతాం. పొద్దుటికి తెల్ల ప్లాస్టరు, రాత్రికి మోతాదు వేరైతే ఇంకో సిరంజికి గోధుమరంగు ప్లాస్టరు. వాళ్ళ చేత షాపులోనే నీళ్ళతో లాగించి చూస్తాం. దీనికి డీఎం చదువు అక్కర్లేదు. ఇదీ నరాల వైద్యంలో భాగమే అని ఏ సమావేశంలోనూ ఎవరూ అనగా నేను వినలేదు.

ఊళ్ళలోనే ఇలాంటి పనులు జరిగేట్టు చెయ్యడం కుదురుతుందా అంటే, కుదురుతుందని మన పక్కనే చూపించారు. కర్ణాటకలో మైసూరు వైపున్న యళందూరు తాలూకాలో డాక్టర్ కె.ఎస్. మణి బృందం దాదాపు 65 వేల జనాభాలో ఫిట్స్ ఉన్నవాళ్ళని ఇల్లిల్లూ తిరిగి వెతికింది. ఫినోబార్బిటాల్, ఫెనిటాయిన్ లాంటి పాత చవక మందులే ఇచ్చి, స్థానిక సిబ్బందితోనే ఏళ్ళ తరబడి కనిపెట్టుకుంది. ఆ ఫలితాలు 2001లో లాన్సెట్‌లో వచ్చాయి. తెలుగు మాట్లాడేవాళ్ళు ఎక్కువగా ఉండే గౌరీబిదనూరుకి బెంగళూరు నిమ్హాన్స్ డాక్టర్లు నెలకోసారి వెళ్ళి క్లినిక్ నడిపారు. రోగుల్ని బెంగళూరు రమ్మనకుండా వాళ్ళే వెళ్ళారు, అందులో ఉంది మొత్తం. 2022లో నిమ్హాన్స్, కర్ణాటక ప్రభుత్వం కలిసి మొదలుపెట్టిన మెదడు ఆరోగ్య కార్యక్రమంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకే తర్ఫీదు ఇచ్చారు. ముందుగా ఎంచుకున్న ప్రాంతాల్లో మన సరిహద్దునే ఉన్న కోలారు, చిక్కబళ్ళాపురం ఉన్నాయి.

దూరం నుంచి చెప్పించుకునే పద్ధతులూ వచ్చాయి. అమెరికాలోని న్యూ మెక్సికోలో సంజీవ్ అరోరా అనే మనవాడు 2003లో లివరు జబ్బుల కోసం ఎకో అనే పద్ధతి మొదలుపెట్టాడు. పల్లె డాక్టర్లు వారానికోసారి వీడియోలో కూర్చుని తమ రోగుల కేసులు చెబుతారు, పెద్ద డాక్టరు వాళ్ళకి నేర్పుతాడు. రోగి కదలడు, తెలివి కదులుతుంది. నిమ్హాన్స్ కూడా దాన్ని అందుకుంది. మన రాష్ట్రం ఈ-సంజీవని అనే దూరవైద్య సేవని 2019లోనే మొదలుపెట్టింది. 2020 మార్చిలో వచ్చిన నిబంధనలతో ఫోను మీద, వీడియో మీద వైద్యం చెయ్యడానికి చట్టబద్ధత కూడా వచ్చింది. ఆఫ్రికాలో ఇంకో దారి పట్టారు. కేప్‌టౌన్‌లోని రెడ్ క్రాస్ పిల్లల ఆసుపత్రి, కేప్‌టౌన్ విశ్వవిద్యాలయం కలిసి పక్క దేశాల డాక్టర్లని పిలిపించుకుని పిల్లల నరాల వైద్యం నేర్పి, తిరిగి సొంత ఊరికే పంపిస్తున్నాయి. లండనులో చదివిస్తే లండనులోనే ఉండిపోతారని వాళ్ళకి అనుభవం మీద తెలిసింది. మనకీ తెలుసు, మన ఊరి డాక్టర్ల పిల్లలు ఎక్కడున్నారో చూస్తే చాలు.

ధనిక దేశాల వైద్యం తెచ్చి ఇక్కడ పెడితే సరిపోతుందనుకోవడమూ పొరపాటే. పుట్టగానే ఏడవని బిడ్డల మెదడు దెబ్బతినకుండా ఒళ్ళు చల్లబరిచే వైద్యం ధనిక దేశాల్లో ప్రాణాలు నిలుపుతోంది. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆసుపత్రుల్లో 408 మంది పసిబిడ్డల మీద పరీక్షించి 2021లో వెలువరించిన ఫలితాల్లో, చల్లబరిచిన పిల్లల్లో 42 శాతం, చల్లబరచని పిల్లల్లో 31 శాతం చనిపోయారు. మెదడుకి దెబ్బ తగిలే తీరు ఇక్కడ వేరై ఉండొచ్చని పరిశోధకులు అనుకుంటున్నారు. కాన్పు గదిలో బిడ్డ ఊపిరి అందుకునేలా చూసే నర్సుకి మించిన నరాల వైద్యం లేదన్నమాట. అలాగే 2003లో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో చండీపుర వైరస్‌తో మెదడువాపు వచ్చినప్పుడు 329 మంది పిల్లలకి సోకితే 183 మంది పోయారు. జ్వరం వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే అయిపోయింది. అలాంటప్పుడు నగరంలో ఎంత గొప్ప నిపుణుడుంటే ఏం లాభం? మొదటి గంటలో చూసే మనిషే అన్నీ.

ప్రభుత్వం తరఫున కాగితం మీద చాలానే ఉన్నాయి. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే బృందాలు అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు, బడులకి ఒకసారి వచ్చి పిల్లల్ని చూడాలి. లోపం కనబడితే జిల్లా కేంద్రంలో ఉండే సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, అక్కడి ప్రత్యేక టీచర్లు, ఫిజియోథెరపిస్టులు మంచం దిగలేని పిల్లల ఇళ్ళకి వెళ్ళి కూడా చేయించాలి. మస్తిష్క పక్షవాతం, ఆటిజం లాంటివి ఉన్న పిల్లలకి నిరామయ అనే లక్ష రూపాయల బీమా ఉంది. మా షాపులో ఆ పేరు విన్నవాళ్ళు చాలా తక్కువ, ఈ వ్యాసం చదివాకైనా కనుక్కోండి. సదరం క్యాంపులో వైకల్యం 40 శాతం పైన రాస్తే 2024 జులై నుంచి నెలకి 6,000 రూపాయల పింఛను. ఆ డబ్బుతో మందులు క్రమంగా కొనే ఇళ్ళు నాకు తెలుసు. అయితే 2016 వికలాంగుల చట్టంలో లెక్కపెట్టిన 21 రకాల్లో ఫిట్స్ జబ్బు పేరు లేదు. ఫిట్స్ మాత్రమే ఉన్న పిల్లవాడు, వారానికి రెండుసార్లు బడిలో పడిపోయేవాడు, ఆ కాగితానికి ఆరోగ్యవంతుడు.

2021లో హైదరాబాదులో ఒక పసివాడికి అరుదైన కండరాల జబ్బు వస్తే 16 కోట్ల ఇంజెక్షన్ కోసం జనం చందాలు పోగేశారు. మా షాపులోనూ కుర్రాళ్ళు ఫోన్లు తీసి తలా ఇంత పంపారు. మంచి పనే, వెక్కిరించడం లేదు. అదే వారం గార్డినాల్ కొనడానికి డబ్బుల్లేవని సగం స్ట్రిప్పు కత్తిరించి ఇమ్మన్న అమ్మ కూడా అదే కౌంటరు ముందు నిలబడింది. ఆవిడకి చందా అడిగేవాళ్ళు ఎవరూ లేరు.

2022 మేలో ప్రపంచ ఆరోగ్య సభ ఫిట్స్, ఇతర నరాల జబ్బుల మీద పదేళ్ళ ప్రణాళిక ఒకటి ఒప్పుకుంది. 2031 నాటికి ఫిట్స్ ఉన్నవాళ్ళలో 90 శాతానికి తమ జబ్బు పేరు తెలియాలి, జబ్బు తేలినవాళ్ళలో 80 శాతానికి మందు అందాలి, మందు వాడేవాళ్ళలో 70 శాతానికి ఫిట్స్ అదుపులో ఉండాలి. అంకెలు బాగున్నాయి. అవి నిజం కావాలంటే ప్రభుత్వాసుపత్రి మందుల పట్టీలో నాలుగు ఫిట్స్ మందులు ఏడాదంతా ఉండాలి. పాత చీటీని బరువుని బట్టి సరిచేసే అధికారం, ధైర్యం పీహెచ్‌సీ డాక్టరుకి ఉండాలి. ఆయనకి సందేహం వస్తే అడగడానికి పెద్ద డాక్టరు ఉండాలి.

పెద్ద డాక్టర్లకి నాదొక విన్నపం. చీటీ వెనక ఖాళీగానే ఉంటుంది కాబట్టి, అక్కడ తెలుగులో నాలుగు ముక్కలు రాయించండి. పూటకి ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని ఎం.ఎల్. రెండూ రాయండి. ఆ బ్రాండు దొరకకపోతే దేన్ని ఇవ్వొచ్చో, దేన్ని ఇవ్వకూడదో రాయండి. బిడ్డ ఇప్పటి బరువు రాయండి, ఎంత పెరిగితే మందు పెంచాలో రాయండి. చివర ఒక ఫోన్ నంబరు. ఇప్పుడు చీటీ మీద ఉన్న నంబరుకి చేస్తే "అపాయింట్‌మెంటుకి ఒకటి నొక్కండి" అంటోంది. రాత్రి తొమ్మిదింటికి షాపు కట్టేసే వేళ, కౌంటరు ముందు ఓ తండ్రి ఖాళీ సీసాతో నిలబడి ఉంటే, నేను ఏది నొక్కాలో ఆ గొంతు చెప్పడం లేదు.